ముందు గీత

చార్టుల మామయ్యని మీరు చూసి ఉండకపోవచ్చు గానీ, ఆయన బొమ్మల నుంచి మాత్రం తప్పించుకుని ఉండరు. బళ్ళలో గోడలకి చార్టులు వేలాడుతుంటాయి చూడండి, పళ్ళు, కూరగాయలు, వాహనాలు, మంచి అలవాట్లు. ఆ మంచి అలవాట్లలో పళ్ళు తోముకుంటూ నవ్వే కుర్రాడొకడు ఉంటాడు. నోటినిండా నురగతో అంత నిండుగా ఎవడైనా నవ్వగలడా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వాణ్ణి గీసింది ఈయనే. చార్టు అడుగున అచ్చేసిన ప్రెస్సు పేరు ఉంటుంది, చిరునామా ఉంటుంది, గీసినవాడి పేరు ఉండదు. ఆయనకి ఆ పట్టింపు ఉన్నట్టు పైకి కనిపించేది కాదు.

ఏళ్ళ తరబడి అదే ప్రెస్సు, కిటికీ పక్కన అదే బల్ల. స్కేలు పెట్టాడా అని అడిగేంత తిన్నగా గీసేవాడు. ప్రెస్సు యజమాని వచ్చినవాళ్ళందరికీ ఆయన్ని చూపించి, అది చెయ్యి కాదు, మెషీను అని మురిసిపోయేవాడు. మామయ్య చాలాకాలం దాన్ని పొగడ్త అనే అనుకున్నాడు. తర్వాతెప్పుడో అనుమానం వచ్చింది. ఇంటి దగ్గర తన సరదా కోసం వేసుకున్న బొమ్మలు కూడా, నది, పడవ, సాయంత్రపు ఎండ, అన్నీ చార్టుల్లాగే తయారయ్యేవి. పడవ పక్కన చిన్న బాణం గీసి ‘పడవ’ అని రాస్తే చాలు, చార్టు కావడానికి ఇంకేమీ మిగలదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి, అన్ని గీతలూ కలిశాయి గానీ నుదుటి గీత కలవలేదు అని ఒకే జవాబు చెప్పి నవ్వేసేవాడు. చెల్లెలి ఇంట్లో మేడమీది గది ఆయనది. చెల్లెలు రెడీమేడ్ బట్టలు కుట్టే కంపెనీలో సూపర్‌వైజర్, ఆమె భర్త బస్సు డ్రైవరు. ఒకరు ఇంట్లోకి వస్తుంటే ఒకరు బయటికి వెళ్తుండేవారు. అందుచేత వాళ్ళ ఒక్కగానొక్క కూతురు చాలావరకు మేడమీదే పెరిగింది. దాన్ని అందరూ చీమ అనేవారు. పంచదార డబ్బా ఎక్కడుంటే అక్కడ దొరికేది, తనకన్నా పెద్ద వస్తువుల్ని ఈడ్చుకుంటూ వచ్చేది. అసలు పేరు వేరే ఉంది, అది బడి రిజిస్టరు కోసం.

వాళ్ళ ఆట మొదలైంది ఒక గొడవతో. చీమకి అప్పటికింకా మాటలు కూడా సరిగా రాలేదు. ఒక సెలవు రోజున మామయ్య నది బొమ్మ వేస్తూ, పాలు తేవడానికి కిందికి వెళ్ళి వచ్చేసరికి, నదికి అడ్డంగా నల్ల ఇంకు గీత పాకుతోంది. చీమ కుర్చీ ఎక్కి నిలబడి, వెంట్రుకలు అరిగిపోయిన పాత బ్రష్ ఒకటి పట్టుకుని, బుగ్గలు పొంగించి ఊపిరి బిగబట్టి గీసుకుంటూ పోతోంది. ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టడానికి నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే చీమ ‘హా’ అని ఊపిరి వదిలింది. బ్రష్ ఆగింది. గీత చివర చిన్న తోక మిగిలింది.

తిట్టబోయినవాడు ఆ గీతని చూస్తూ నిలబడిపోయాడు. అలాంటి గీత తన చేతిలో పుట్టమన్నా పుట్టదు. కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తలకిందులు చేశాడు. ఒంటి చెప్పు కనబడింది. ఆ సాయంత్రమంతా కూర్చుని గీతని ముట్టుకోకుండా దాని చుట్టూ రంగులు నింపాడు. నదిలో ఒక చెప్పు తేలుతోంది, అందులో టికెట్లు పట్టుకుని ప్రయాణికులు, పట్టీ దగ్గర నిలబడి ఊళ్ళు అరుస్తున్న కండక్టరు. పక్కన బాణం పెట్టి పేరు రాయాల్సిన అవసరం లేని బొమ్మ ఆయన జీవితంలో అదే మొదటిది.

ఆ రోజు నుంచి ఆటకి నియమాలు వచ్చాయి. కాగితాన్ని తడిపి అట్టకి అంటించడం మామయ్య పని. ముందు గీత చీమది, అరిగిపోయిన ఆ బ్రష్‌తోనే. చీమ దానికి గుండు బ్రష్ అని పేరు పెట్టింది. గీత ఒక్క ఊపిరిలో అయిపోవాలి, ఊపిరి ఎక్కడ ఆగితే గీత అక్కడ ఆగాలి. తర్వాత మామయ్య కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి తనకి ఏం కనబడిందో చెప్పాలి. చీమ ‘కాదు’ అంటే మళ్ళీ తిప్పాలి, ‘ఔను’ అంటే తర్వాత గీతలన్నీ మామయ్యవి. రబ్బరుకి ప్రవేశం లేదు. దాన్ని గుడ్డలో మూటగట్టి అలమారా మీద పెట్టేశారు. రెక్కల కెటిల్, మంగలి షాపులో తన వంతు కోసం పేపరు చదువుతూ కూర్చున్న ఏనుగు, అలిగి గోడవైపు తిరిగిన కుర్చీ, అన్నీ అలా పుట్టినవే. గది నిండిపోయింది. చెల్లెలు బట్టలు ఆరేయడానికి వచ్చినప్పుడల్లా, అన్నయ్యా, నువ్వు చిన్నపిల్లాడివైపోతున్నావు అని దెప్పేది. ఆయన ఆ దెప్పుడికి మహా సంతోషపడేవాడు.

బొమ్మల సంగతి బయటికి పొక్కింది పొరపాటున. లైబ్రరీకి చార్టులు ఇచ్చి రమ్మని ప్రెస్సువాళ్ళు పంపితే, చార్టుల చుట్టలో ఏనుగు బొమ్మ కూడా కలిసి వెళ్ళిపోయింది. లైబ్రేరియన్‌గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, మర్నాడే కబురు పెట్టారు. ఉన్నవన్నీ తెమ్మన్నారు. పై అంతస్తు హాల్లో ప్రదర్శన పెడదామన్నారు. ప్రతి బొమ్మ కింద ఒక కార్డు, దానిమీద ‘ముందు గీత: చీమ, తర్వాత గీత: మామయ్య’ అని ఉండాలని ఆవిడే అన్నారు. తలుపు తెరవగానే కనబడే గోడకి మాత్రం పెద్ద బొమ్మ ఒకటి కొత్తది కావాలన్నారు. మామయ్య గాల్లో తేలుతూ ఇంటికి వచ్చాడు. బొమ్మ కింద తన పేరంటూ ఒకటి ఉండటం ఆయనకి అదే మొదలు. పట్టింపు లేదన్నది ఉత్తదేనని ఆ రోజు తేలిపోయింది.

ఆ నెలలోనే చీమ బడిలో చేరింది.

మొదట్లో ఏమీ తెలియలేదు. సంచీ, నీళ్ళ సీసా, కొత్త బూట్లు, వీటి సంబరం ఒకటి ఉంటుంది కదా. ఒకరోజు సాయంత్రం పెద్ద కాగితం అంటించి, ఇంకు కలిపి, గుండు బ్రష్ కడిగి మామయ్య సిద్ధంగా ఉన్నాడు. చీమ వచ్చి కుర్చీ ఎక్కింది, బ్రష్ తీసుకుంది, కాగితం వైపు చూసింది. బుగ్గలు పొంగించలేదు.

“రబ్బరేది మామయ్యా?” అంది.

మామయ్య, మన ఆటలో రబ్బరెందుకే అని నవ్వుతూనే అడిగాడు. తప్పొస్తే చెరపాలి కదా అంది చీమ. మన ఆటలో తప్పులుండవు, ఏం గీసినా ఒప్పే అన్నాడు.

“ఉంటాయి. నీకు తెలీదు,” అని బ్రష్ జాగ్రత్తగా గిన్నె అంచున ఆనించి, కుర్చీ దిగి కిందికి వెళ్ళిపోయింది.

ఆ రోజు అలసిపోయిందేమో అనుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కుర్చీ కూడా ఎక్కలేదు. బిస్కెట్లు ఆశపెట్టాడు, బిస్కెట్లు తినేసింది. కావాలని తనే వంకరటింకరగా ఏవో గీసి, చూడు నాకెన్ని తప్పులొచ్చాయో అన్నాడు. చీమ జాలిగా చూసింది. చివరికి ఒకరోజు మెల్లగా, “నువ్వు ముందు గీయి మామయ్యా, నేను చూసి గీస్తా,” అంది. అదేదో ఆయనకి సాయం చేస్తున్నట్టు అంది.

చెల్లెలికి ఓవర్‌టైమ్ పడిన రోజున బడి నుంచి తీసుకురావడానికి తనే వెళ్ళాడు. గంట ఇంకా కొట్టలేదు. తరగతి గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే, పిల్లలందరూ తలలెత్తి గోడ వైపు చూడటం, తలలు వంచి గీయడం, మళ్ళీ తలలెత్తడం. నేలంతా రబ్బరు పొట్టు. గోడమీద చార్టు ఉంది. ‘చూసి గీయండి’ అని పైన పెద్ద అక్షరాలు. మొదట చతురస్రం, దానిమీద త్రిభుజం, తర్వాత తలుపు, రెండు కిటికీలు, మూలన సూర్యుడు. ఒక్కొక్క మెట్టుకీ పక్కన అంకె. గీతలు స్కేలు పెట్టినంత తిన్నగా ఉన్నాయి.

ఆ చార్టు ఆయనదే. ప్రెస్సు యజమాని తొందరపెడితే భోజనానికి లేచేలోపు గీసి పడేసింది. మళ్ళీ దాని మొహం చూసింది లేదు. చీమ కాగితం మీద ఆ ఇల్లే ఉంది, గోడ వంకర, మళ్ళీ చెరిపి గీసిన గోడ, మళ్ళీ చెరపడం. రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పడింది. టీచరు చెడ్డమనిషేం కాదు. పిల్ల బాగా ప్రయత్నిస్తోందండీ, ఇంకాస్త నీట్‌గా వస్తే స్టార్ ఇచ్చేస్తాను అని చీమ తల నిమిరింది. ఆ చార్టు గీసింది నేనేనమ్మా అని చెప్పాలనుకున్నాడు మామయ్య. చెప్పకుండానే చీమ సంచీ అందుకున్నాడు. దారంతా చీమ చెయ్యి పట్టుకుని, తిన్నని గోడలున్న ఇంట్లో ఎవరూ ఉండరే, బోర్ కొట్టి పారిపోతారు అని ఏదో సర్దిచెప్పబోయాడు. చీమ వినలేదు. దాని ధ్యాసంతా స్టార్ మీదే ఉంది.

ఇంతవరకూ తన బెంగ ప్రదర్శన గురించేనని మామయ్య తనకి తాను నచ్చజెప్పుకుంటూ వచ్చాడు. కాదని ఆ రోజు తెలిసింది. ఈ పిల్ల ఇక ఎప్పటికీ ఊపిరి బిగబట్టి గీత గీయదేమో, దాన్ని మాన్పించింది తన చెయ్యేనేమో, ఇదీ ఆయన భయం. ప్రెస్సులో బల్ల దగ్గర కూర్చుంటే చేతికింద ఆవు, గుర్రం, గాడిద సాగుతూనే ఉండేవి, మనసు మాత్రం మేడమీద ఆరిపోతున్న కాగితం దగ్గరే ఉండేది. రోజూ తడిపి అంటించేవాడు. రోజూ ఆరిపోయేది. అన్నం ముందు కూర్చుని కలిపిందే కలుపుతుంటే చెల్లెలు కనిపెట్టింది. పిల్లలన్నాక ఒక ఆట మానేసి ఇంకో ఆట పట్టుకుంటారు అన్నయ్యా, దానికింత దిగులా అని కోప్పడింది.

అటు లైబ్రేరియన్‌గారు కనబడినప్పుడల్లా పెద్ద బొమ్మ ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. అయిపోవచ్చిందండి అనేవాడు. ఆహ్వానాలు అచ్చయ్యాయి. హాలుకి సున్నం వేశారు. ఎదుటి గోడకి పెద్ద మేకు కొట్టి, దాని కింద పెట్టాల్సిన కార్డు కూడా ముందే రాసి ఉంచారు. ఇక తప్పించుకునే దారి లేదు.

చీమ బడికి వెళ్ళాక, ప్రెస్సుకి సెలవు చెప్పి, గది తలుపు గడియ పెట్టాడు. తన ఇంట్లో తనే దొంగలా గడియ పెట్టుకోవడం ఆయనకి వింతగానే ఉంది. గుండు బ్రష్‌ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి పాత కాగితం మీద గీశాడు. అది చార్టులవాడు వంకరగా గీసిన గీత. ఇంకొకటి గీశాడు. పిల్లల గీతలు అనే చార్టు వేయమంటే ఎలా వేస్తాడో అలా వచ్చింది. కళ్ళు మూసుకుని గీశాడు. కుర్చీ ఎక్కి, మోకాళ్ళు వంచి, చీమ ఎత్తుకి దిగి గీశాడు. నడుం పట్టేసింది. గదంతా కాగితాలు. విసిగిపోయి, ఇక నావల్ల కాదు అని ఏ ఆశా లేకుండా అసలు కాగితం మీద బ్రష్ పెట్టాడు. ఊపిరి బిగబట్టాడు. గీత చుట్టలు చుట్టుకుంటూ పోయింది, పోయింది, కళ్ళు తిరిగేదాకా పోయింది. ‘హా’ అన్నాడు. చివర తోక మిగిలింది.

అది చీమ గీతే. చూసినవాళ్ళెవరూ కాదనలేరు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది, సంతోషమో సిగ్గో తేల్చుకోలేకపోయాడు. కాగితం తిప్పితే నత్త కనబడింది. దాని గుల్ల చుట్టూ ఒక వీధి మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతోంది. ఇళ్ళు, దీపస్తంభాలు, కూరగాయల బండి, సైకిల్ తోసుకుంటూ ఎక్కుతున్న పోస్ట్‌మ్యాన్. వరసగా చీమ బడిలో ఉన్న వేళల్లో దాన్ని పూర్తిచేసి, చుట్టచుట్టి, లైబ్రరీకి చేర్చేశాడు. ఇది ఔనో కాదో చెప్పడానికి కుర్చీ మీద ఎవరూ లేరు. ఇన్ని బొమ్మల్లో ఇదే అన్నిటికన్నా గొప్పగా ఉందన్నారు లైబ్రేరియన్‌గారు. ఆయన తేలు కుట్టిన దొంగలా తలూపి వచ్చేశాడు.

అప్పటి నుంచి మొదలైంది అసలు యాతన. చీమ చూస్తే? కనిపెడితే? తను గీయకపోయినా మామయ్య ఆట ఆడేసుకోగలడని తెలిస్తే, ఆ పిల్ల మళ్ళీ కుర్చీ ఎందుకు ఎక్కుతుంది? ఉన్న కాస్త ఆశనీ తన చేతులతోనే తుడిచేశానని కుమిలిపోయాడు. కాగితం అంటించడం కూడా మానేశాడు. చీమ దాని సంగతి అడగలేదు, అది ఇంకా భయం. ప్రదర్శన రోజు పొద్దున చీమ దగ్గింది. దగ్గు వింటూనే, అయ్యో పాపం, ఇంట్లో ఉంచెయ్యి అని చెల్లెలితో అనడానికి మామయ్య నోరు ఉరకలేసింది. పిల్ల దగ్గుతుంటే మనసు తేలికపడటం ఏమిటని వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. చెల్లెలు మాత్రం, పొద్దున్నే పంచదార బొక్కితే దగ్గక ఏం చేస్తుంది అని తేల్చేసి, ఇస్త్రీ చేసిన గౌను తొడిగి తీసుకొచ్చింది.

హాల్లో చాలామందే ఉన్నారు. ప్రెస్సు యజమాని వచ్చాడు, చీమ టీచరు వచ్చింది, లైబ్రరీలో పేపర్లు చదివే పెద్దవాళ్ళందరూ పేపర్లతో సహా పైకొచ్చారు. చీమ పాత బొమ్మల్ని వరసగా పలకరించుకుంటూ నడిచింది. ఏనుగు ముందు ఆగి, ఇంకా నీ వంతు రాలేదా అని అడిగింది. మామయ్య వెనకే నడుస్తున్నాడు. ఎవరో ఏదో మెచ్చుకుంటున్నారు, ఆయన చెవికి ఎక్కడం లేదు. చీమకీ ఎదుటి గోడకీ మధ్య తన శరీరాన్ని అడ్డం పెడుతూ నడిచాడు. ఎంతకని అడ్డం పెడతాడు? లైబ్రేరియన్‌గారే చీమ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నత్త ముందు నిలబెట్టారు. ఇంత పెద్ద గీత ఒక్క ఊపిరిలో ఎలా గీశావమ్మా అని అందరికీ వినబడేలా అడిగారు.

చీమ తలెత్తి చూసింది. వేలు చాచి, బుగ్గలు పొంగించి, గాల్లోనే ఆ గీత వెంట వేలిని నడిపించింది. కూరగాయల బండి దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి పోస్ట్‌మ్యాన్ దాకా వెళ్ళింది, మొహం ఎర్రబడింది, ‘హా’ అంది. గీత ఇంకా చాలా మిగిలే ఉంది.

చీమ ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగింది. ఆయన వంగాడు.

“ఎవరు మామయ్యా ఈ పాప?” అని చెవిలో అడిగింది.

ఆయనకి మొదట అర్థం కాలేదు.

“ఈ పాపకి ఊపిరెక్కువ. నాకన్నా పెద్దదా? నేను బడికెళ్ళాక వస్తోందా?” గొంతు ఇంకా తగ్గింది. “గుండు బ్రష్ ఇచ్చావా?”

ఇన్నాళ్ళూ ఆయన ఏవేవో ఊహించుకున్నాడు గానీ ఇది ఊహించలేదు. లైబ్రేరియన్‌గారు నవ్వుతూ జవాబు కోసం చూస్తున్నారు, పక్కనే టీచరు, యజమాని. ఆ కంగారులో నోటికి వచ్చింది అనేశాడు.

“ఎవరో ఏంటే, నువ్వే గీశావు. మర్చిపోయావు.”

“నేనా?” అంది చీమ. ఔనన్నట్టు తలూపాడు. చీమ బొమ్మ వైపు చూసింది. తర్వాత తన కుడిచెయ్యి తెరిచి, దాన్ని చూసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మామయ్య చెప్పాడంటే అబద్ధం కాదు కాబట్టి, తప్పు తన చేతిలోనో తన తలలోనో ఉండాలి. బడిలో చిల్లు పడిన కాగితం వైపు చూసినప్పుడు దాని మొహం ఎలా ఉందో, ఇప్పుడూ అలాగే ఉంది.

అది ఆయన తట్టుకోలేకపోయాడు. పరువు పోతే పోయింది అనుకున్నాడు. అంతమంది ముందు నేలమీద చతికిలబడి, చీమ ఎత్తుకి వచ్చాడు.

“కాదమ్మా. నువ్వు గీయలేదు. ఆ పాప నేనే.”

“నువ్వా?”

“నేనే. నువ్వు ఇక గీయవేమోనని భయమేసింది. దొంగతనంగా నీలాగా గీశాను. మీ క్లాసులో గోడమీద ఇల్లుంది చూడు, అది కూడా నేనే గీశాను. అదీ చెప్పలేదు.”

లైబ్రేరియన్‌గారి నవ్వు మొహమ్మీద అలాగే ఉండిపోయింది. టీచరు ముక్కుమీద వేలేసుకుంది. మామయ్య ఎవరి వైపూ చూడలేదు. చీమ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని, వెనక్కి తిరిగి తల్లి దగ్గరికి పరిగెడుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. చీమ ఆలోచిస్తోంది. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“మరి తర్వాత గీతలు ఎవరు గీశారు?” అని అడిగింది.

“అవీ నేనే.”

“రెండూ నువ్వే గీయకూడదు,” అంది చీమ. గొంతులో కోపం ఉంది. చాలా రోజుల తర్వాత వినబడిన కోపం. “ముందు గీత నీదైతే తర్వాత గీత నాది.”

మామయ్య జేబు తడుముకున్నాడు. ప్రెస్సులో అక్షరాలు దిద్దే మందపాటి నల్ల స్కెచ్ పెన్ను ఉంది. దాని మూత తీసి ఇచ్చాడు. కుర్చీ లేదు, అందుకని చీమని ఎత్తుకున్నాడు. లైబ్రేరియన్‌గారు అయ్యయ్యో అంటూ ముందుకి వచ్చారు. ఆవిడకి అడ్డంగా భుజం తిప్పి నిలబడ్డాడు. పిల్ల పెన్ను పట్టుకుని కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపని! రబ్బరేది అని అడుగుతుందేమో. దింపెయ్ అంటుందేమో. ఆయన గుండె చప్పుడు ఆ పిల్ల వీపుకి తగులుతూనే ఉండి ఉంటుంది.

“పైకెక్కినవాళ్ళు ఎలా దిగుతారు? దారి పెట్టలేదు నువ్వు,” అంది చీమ.

బుగ్గలు పొంగించింది. గుల్ల కొన నుంచి మొదలుపెట్టి, ఇళ్ళ మీదుగా, దీపస్తంభాల మీదుగా, ఆయన రెండు పూటలు కూర్చుని తీర్చిన పోస్ట్‌మ్యాన్ మొహం మీదుగా గీత కిందికి దిగింది. వంకరపోయింది, ఒకచోట ఆగబోయింది, మళ్ళీ కదిలింది. నేల ఇంకా బెత్తెడు దూరం ఉందనగా ‘హా’ అని ఊపిరి వదిలింది. తోక గాల్లో మిగిలిపోయింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

చీమ గీతని పైనుంచి కిందిదాకా చూసుకుని, ఆయన మొహంలోకి చూసింది.

“తప్పొచ్చిందా?”

రాలేదు అనబోయాడు. ఏం గీసినా ఒప్పే అనబోయాడు. ఆ మాటని ఈ పిల్ల ఎప్పుడో నమ్మడం మానేసిందని గుర్తొచ్చింది.

“వచ్చింది. నేలదాకా రాలేదు. నాది మరీ పెద్ద తప్పు,” అన్నాడు. “రెండూ ఉండనిద్దాం.”

చీమ కాసేపు ఆ ఖాళీ బెత్తెడు వంక చూసింది. “చివర్లో దూకాలి వాళ్ళు,” అని తేల్చింది.

ఆయన చీమని దింపి, పెన్ను తీసుకుని, కింద ఉన్న కార్డులో రెండు పేర్లూ కొట్టేసి తారుమారు చేసి రాశాడు. ముందు గీత: మామయ్య. తర్వాత గీత: చీమ. అక్షరాలు వంకరగా వచ్చాయి. మెషీను చెయ్యి ఇంత వంకరగా రాయడం ప్రెస్సు యజమాని మొదటిసారి చూశాడు. లైబ్రేరియన్‌గారు ఏమంటారో, రేపు ఊళ్ళో ఏమనుకుంటారో అన్న భయం ఆయనకి ఇంకా అలాగే ఉంది. పెన్నుకి మూత పెడుతుంటే చొక్కా అంచు మళ్ళీ కదిలింది.

“ఇంకో కాగితం ఉందా మామయ్యా?”

జేబులో ఆహ్వానం తప్ప ఇంకేమీ లేదు. దాన్ని మడత విప్పి, వెనకవైపు తిప్పి, నేలమీద పరిచాడు. ఎగిరిపోకుండా నాలుగు మూలలా వేళ్ళు అదిమిపెట్టి కూర్చున్నాడు.